నాలుగు వేల నూట ఎనభై మీటర్లు

నేను సర్వేయర్ని. ఇరవై ఆరేళ్లుగా రోడ్లూ కాలువ గట్లూ పైపులైన్లూ కొలవడమే నా ఉద్యోగం. ఆఫీసులో నాకు 'సెంటీమీటరు' అని పేరు పెట్టారు. ఎదురుగా అనరు గానీ, టీ తాగే చోట అనుకుంటారని నాకు తెలుసు. ఎవరైనా "ఓ వంద మీటర్లు ఉంటుంది లెండి" అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఉంటుందేమిటి? తొంభై ఆరు ఉంటుంది, లేకపోతే నూట మూడు ఉంటుంది. కొలిచి చెప్పాలి. అలాంటి నేను ఆ చలికాలం మొదట్లో ఒక సాయంత్రం, ఇంట్లో కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటూ, ఒక కొలత అబద్ధం చెప్పాను. ఒక్కటంటే ఒక్కటి. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి వంద అబద్ధాలు ఆడాలంటారు. నాకు ఆ శ్రమ కూడా లేకపోయింది. మిగతా పని ఎక్కాల పుస్తకం చేసిపెట్టింది.

మా ఆవిడకి ఆరేళ్ల క్రితం చూపు పోయింది. ఒక్కసారిగా కాదు, పూర్తిగా పోవడానికి రెండేళ్లు పట్టింది. అప్పటిదాకా ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. ఇప్పుడు ఆస్పత్రిలో టెలిఫోన్ బోర్డు దగ్గర కూర్చుంటుంది. నూట నలభై గదుల నంబర్లు ఆమెకి నోటికొచ్చు. చూపు మసకబారుతున్న ఆ రెండేళ్లూ నేను చేయగలిగింది ఒక్కటే చేశాను. టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచి, ఆమె చేత అప్పజెప్పించుకున్నాను. మంచం దగ్గర్నుంచి తలుపుకి ఆమె నడకలో ఎనిమిది అడుగులు. వంటింటి గుమ్మం ముప్పావు అడుగు ఎత్తు. వీధి మెట్లు ఆరు, ఆఖరిది కాస్త పొట్టిది. ఆమె చేతులు చాపి తడుముకుంటూ నడవడం నేనెప్పుడూ చూడలేదు. నేను చెప్తే విని కాలు వేసేది, అంతే. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ఆమెకి నిజంగా కనిపించదా అని నన్ను చాటుగా అడిగేవాళ్లు.

పరుగు ఆ తర్వాత వచ్చింది. నా పనిపెట్టెలో నిలువు చూసే తూకం గుండుకి కట్టే గట్టి దారం ఉంటుంది. దాన్ని రెండడుగులు కోసి, రెండు కొసలా ఉచ్చులు వేశాను. ఒకటి ఆమె కుడి మణికట్టుకి, ఒకటి నా ఎడమ మణికట్టుకి. నేను అరడుగు ముందు. దారం వదులుగా వేలాడుతూ ఉండాలి, అది బిగిస్తే ఎవరో ఒకరు తప్పు చేస్తున్నట్టు. "గతుకు", "ఎత్తు", "ఎడమ మలుపు" అని నేను చెప్తూ ఉంటే ఆమె పరిగెత్తేది. మా పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో మేము అంత దగ్గరగా ఎప్పుడూ లేము. ఈ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు, ఇక్కడ చెప్తున్నాను.

ఆ చలికాలం మొదట్లో ఆమె భోజనాల బల్ల దగ్గర చల్లగా చెప్పింది.

"కొండ పరుగుకి పేరు ఇచ్చాను. యాభై కిలోమీటర్లు. ఇంకా పద్నాలుగు వారాలుంది."

మా బావమరిది, అంటే ఆమె తమ్ముడు, మా పై వాటాలోనే ఉంటాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ముప్పై ఎనిమిదేళ్లొచ్చినా ఊరకే ఉన్నచోట ఉండలేడు, వాడూ పరిగెత్తుతాడు. వాడి చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"అక్కా, యాభై అంటే ఏమనుకున్నావ్? బస్సులో వెళ్లినా నడుం పట్టేస్తుంది."

"నువ్వు బస్సులో రా. నేను పరిగెత్తుకుంటూ వస్తాను."

"నువ్వొస్తావులే, బావ సంగతి చూడు. ఆ మోకాలు మెట్లెక్కుతుంటేనే కిర్రుమంటోంది. బావా, మా లిఫ్టు తలుపులకి రాసే గ్రీజు ఒక డబ్బా తెచ్చి పెట్టనా?"

"ముందు నీ లిఫ్టులు అంతస్తుకి అంతస్తుకి మధ్యన ఆగకుండా చూసుకోరా," అన్నాను.

అందరం నవ్వాం. వాడు వేళాకోళానికి అన్నాడు గానీ, ఆ మాట నాకు అంతకు నెల ముందే డాక్టరు చెప్పాడు. మోకాట్లో మెత్తటి భాగం అరిగిపోయిందట. నడవవచ్చు, పరిగెత్తకూడదు. ఆ కాగితాన్ని ఎత్తుపల్లాలు చూసే లెవెల్ పరికరం పెట్టె మూతలో, గుడ్డ కింద దోపి దాచాను. ఇంట్లో చెప్పలేదు. చెప్తే దారం ఇంకొకరి చేతికి వెళ్తుంది. ఎవరి చేతికో కూడా నాకు తెలుసు. ఎదురుగా కూర్చుని గ్రీజు గురించి మాట్లాడుతున్నాడు.

పరుగులో మాకు తర్ఫీదు ఇచ్చేవాడు డ్రిల్లు మాస్టారు. బడిలో పిల్లల చేత కసరత్తులు చేయించి రిటైరైన మనిషి. డెబ్భై ఏళ్లకీ నిటారుగా నిలబడతాడు. పద్నాలుగు వారాల పట్టిక ఆయనే రాసిచ్చాడు. ప్రతి వారం ముందు వారం కన్నా పదోవంతు మించి పెంచకూడదు. ప్రతి నాలుగో వారం తగ్గించాలి. తొమ్మిదో వారం ఊళ్లో హాఫ్ మారథాన్ ఉంది, ఇరవై ఒక్క కిలోమీటర్ల చిల్లర. "ఆరోజు పందెం అనుకోవద్దమ్మా," అన్నాడు. "మిగతా ఆదివారాల్లో లాగే నింపాదిగా పోయి రా. మన పని కొండతో."

మేము రోజూ పరిగెత్తే రోడ్డుని సరిగ్గా అప్పుడే పైపుల కోసం తవ్వేశారు. తవ్వకానికి గీత గీసింది నేనే. కొత్త చుట్టు వెతకాల్సొచ్చింది. నీళ్ల ట్యాంకు గోడ దగ్గర మొదలై, కాలువ వంతెన దాటి, గోదాముల వెనకనుంచి మళ్లీ ట్యాంకు దగ్గరికి. ఒక ఆదివారం నేను కొలత చక్రం తీసుకెళ్లి నెట్టుకుంటూ కొలిచాను. చేతికర్రకి అడుగున సైకిలు చక్రం లాంటిది ఉంటుంది, మీటరుకోసారి టక్కుమంటుంది. నాలుగు వేల నూట ఎనభై వచ్చింది. ఇంటికొచ్చేసరికి మోకాలు ఉబ్బి పంట్లాము బిగుసుకుపోయింది.

"కొత్త చుట్టు ఎంతొచ్చిందండీ?" అంది ఆమె లోపల్నుంచి.

"అయిదు," అన్నాను.

"సరిగ్గా అయిదా?"

"సరిగ్గా అయిదు."

"మంచిది. లెక్కకి సుఖం."

అలా ఎందుకన్నానో ముందుగా అనుకున్నది కాదు. చుట్టుకి ఎనిమిది వందల ఇరవై మీటర్లు నా మోకాలికి మిగిలాయి, అంతే. అంత చిన్నది. వారానికి పన్నెండు చుట్లు తిరిగితే దాదాపు పది కిలోమీటర్లవుతుందని ఆ రాత్రి పడుకున్నాక గానీ నాకు తోచలేదు. తోచాక కూడా లేచి చెప్పలేదు.

ఆ తర్వాతి వారాలు మా ఇంట్లో పండగలా ఉన్నాయి. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ అది నిజం. ఆమె వేగం పెరిగింది. పెరగక ఏం చేస్తుంది? నాలుగు కిలోమీటర్ల చిల్లర పరిగెత్తి అయిదు అనుకుంటే ఎవరికైనా పెరుగుతుంది. "ముప్పై అయిదు నిమిషాలే పట్టిందా? మళ్లీ చూడండి," అనేది. మళ్లీ చూసేవాణ్ని. గడియారం నిజమే చెప్పేది. ఆస్పత్రిలో నర్సులకి చెప్పుకునేది. ఫోను చేసిన వాళ్లకి గది కలపడానికి ముందు ఒక చరణం కూనిరాగం వినిపిస్తోందని పైఅధికారి మందలించాడట. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది.

బావమరిది ఒక మాట్లాడే వాచీ కొనిస్తానన్నాడు. ఎంత దూరం పరిగెత్తితే అంతా గొంతెత్తి చెప్తుందట.

"వద్దురా. ఇంట్లో ఆయనుండగా వాచీ దేనికి? ఆయన సెంటీమీటరు కూడా వదలరు," అంది.

నేను తేలు కుట్టిన దొంగలా అన్నం మెతుకులు కెలుకుతూ కూర్చున్నాను.

ఎనిమిదో వారం డ్రిల్లు మాస్టారు మా పుస్తకం చూశాడు. రోజువారీ దూరాలూ సమయాలూ నా చేతిరాతతో ముత్యాల్లా ఉన్నాయి. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "అమ్మా, నేను ముందన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ లెక్కన హాఫ్‌ని నువ్వు రెండు గంటల ఇరవై నిమిషాల్లో ముగించొచ్చు. అంత దమ్ముంది నీకు. కొండ ఎలాగూ ఉంది. ఆ ఒక్కరోజూ మనసు తీరా పరిగెత్తు."

ఆమె ముఖం అలా వెలగడం నేను చాలా ఏళ్లుగా చూడలేదు. అప్పుడైనా చెప్పాల్సింది. ఎదురుగాలి అని చెప్పొచ్చులే, జనం ఎక్కువై దారి దొరకలేదని చెప్పొచ్చులే అని సాకులు సిద్ధం చేసుకుంటూ కూర్చున్నాను.

హాఫ్ మారథాన్ రోజు తెల్లవారుజామున వేల మంది ఉన్నారు. తుపాకీ పేలింది. ఆమె మొదటినుంచే గట్టిగా కదిలింది.

"కిలోమీటరు బోర్డు వచ్చిందా?" అంది కాసేపటికి.

"ఇంకా లేదు."

"ఇప్పుడు?"

"ఇదిగో, ఇప్పుడొచ్చింది. ఒకటి."

రెండో బోర్డుకీ అలాగే రెండుసార్లు అడిగింది. మూడో బోర్డు దాటాక, ఊపిరి మధ్యలో, చాలా మెల్లగా అడిగింది.

"బోర్డులు దూరం దూరంగా పెట్టారేమోనండీ?"

ఆ ప్రశ్నలో ఆమె నాకు ఒక తలుపు తెరిచి పట్టుకుంది. ఇప్పుడు తెలుస్తోంది. నేనేం చేశాను? ఆ తలుపు మూసేశాను.

"అంతే అయ్యుంటుంది," అన్నాను. "ఇలాంటి పోటీల్లో ఎవడు సరిగ్గా కొలుస్తాడు?"

పక్కన ఒక బొద్దు మనిషి పరిగెత్తుతున్నాడు. పాపం, సాయం చేద్దామనుకున్నాడు. "లేదు సార్, సరిగ్గానే ఉన్నాయి. నా వాచీ కూడా అదే చూపిస్తోంది. పది మీటర్లు కూడా తేడా లేదు," అని చెయ్యి ఊపి ముందుకు వెళ్లిపోయాడు.

అయిదో కిలోమీటరు దగ్గర ముప్పై ఎనిమిది నిమిషాలు. ముప్పై మూడు కావాలి మాకు. ఎంతైందని ఆమె అడగలేదు. ఆరో బోర్డు దాటాక దారం బిగిసింది. ఎప్పుడూ వదులుగా వేలాడే దారం నా మణికట్టుని ముందుకి లాగింది. చూస్తే ఆమె నా కన్నా అరడుగు ముందుంది. కళ్లు లేని మనిషి ముందు, దారి చూపించేవాడు వెనక. "ఎడమకి, ఎడమకి," అని నేను వెనకనుంచి అరుస్తున్నాను. పద్నాలుగో కిలోమీటరు దగ్గర మోకాట్లో ఏదో పట్టేసింది. కుంటుతూ పరిగెత్తాను. ఆమెకి నా అడుగుల చప్పుడు మారడం వినిపించకుండా ఉండదు. రెండు గంటల నలభై నాలుగు నిమిషాలకి గీత దాటాం.

ఎప్పుడూ ఆమె మణికట్టు నుంచి ఉచ్చు నేనే తీసేవాణ్ని. ఆరోజు ఆమే తీసుకుంది.

ఇంటికొచ్చాక నీళ్లు తాగుదామని లేచి వంటింటి వైపు నడిచింది. నేను అలవాటు కొద్దీ "గుమ్మం" అన్నాను. ఆమె ఆగింది. కుడి చెయ్యి ముందుకి చాపి, గాల్లో తడిమి, తలుపు చెక్క దొరికాక దాన్ని పట్టుకుని, కాలితో గుమ్మం ఎక్కడుందో వెతుక్కుని అప్పుడు దాటింది. ఆ ఇంట్లో ఆరేళ్లలో మొదటిసారి.

మర్నాడు పొద్దున్నే అంది, "చక్రం తీసుకురండి. ట్యాంకు దగ్గరికి వెళ్దాం."

ట్యాంకు గోడకి వీపు ఆనించి నిలబడి, చక్రం కర్ర తనే పట్టుకుంది.

"నా మోచెయ్యి పట్టుకోండి. దారి తప్పకుండా చూస్తే చాలు. మాట వద్దు," అంది.

నెట్టడం మొదలుపెట్టింది. టక్కు, టక్కు. వందకోసారి వేలు మడుస్తూ పైకి లెక్కపెట్టింది. వంతెన మీద పాలవాడు సైకిలాపి మమ్మల్ని వింతగా చూశాడు. గోదాముల వెనక హమాలీలు టీ తాగుతూ "ఏం కొలుస్తున్నారమ్మా?" అనడిగారు. ఆమె లెక్క ఆపకుండానే వాళ్లకి తలూపింది. నేను మోచేతిని పట్టుకుని, నోరు మూసుకుని, ఆ టక్కుల్ని వింటూ నడిచాను. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో చక్రం చప్పుడు నాకంత భయంగా ఎప్పుడూ వినిపించలేదు. చివరికి చక్రం ట్యాంకు గోడకి తగిలింది.

"నాలుగు వేల నూట ఎనభై ఒకటి," అంది.

"ఎనభై. ఆఖరి టక్కు గోడకి కొట్టుకున్నది," అన్నాను. నోరు జారి వచ్చేసింది. ఇంకో రోజైతే నవ్వేది.

గోడ మీద కూర్చుంది. నేనూ కొంచెం ఎడంగా కూర్చున్నాను.

"పొరపాటా? తెలిసే చెప్పారా?"

"తెలిసే."

"నేను అడుగులు లెక్కపెట్టుకుంటానని మీకు తెలీదు కదూ. చుట్టుకి అయిదువేల రెండొందల అడుగులు. అంటే కిలోమీటరుకి వెయ్యిన్నీ నలభై. నిన్న మొదటి బోర్డుకి నూట డెబ్భై ఎక్కువ పడ్డాయి. బోర్డులదే తప్పనుకున్నాను. మీది అయ్యుంటుందని మూడు కిలోమీటర్ల దాకా నాకు తట్టనే లేదు." చక్రం కర్ర నేలకి ఆనించి, "ఎందుకు?" అంది.

"మోకాలు అరిగిపోయింది. డాక్టరు పరిగెత్తొద్దన్నాడు."

"ఎప్పుడు?"

"నువ్వు కొండ మాటెత్తక ముందే."

"ఒక్కమాట చెప్తే పోయేదిగా."

"చెప్తే దారం వాడి చేతికి ఇచ్చేదానివి."

"ఇచ్చేదాన్నే," అంది. "వాడితో పరిగెత్తి ఇంటికొచ్చి, మీ మోకాలికి కాపడం పెట్టేదాన్ని. అందులో ఏం పోయింది?"

నేను మోకాలు నిమురుకున్నాను.

"నా కళ్లు పోయినప్పుడు నేనెంత ఏడ్చానో మీకు తెలుసు. తర్వాత ఏడవలేదు. మీరు గుమ్మం ఉందంటే ఉండేది, లేదంటే లేదు. నా కళ్లు ఎక్కడికీ పోలేదు, మీ నోట్లో ఉన్నాయి అనుకుని బతికాను." చక్రం కర్రని రెండు చేతులతో పట్టుకుని అంది. "నిన్న మీరు గుమ్మం అన్నారు. అది అక్కడుందో లేదో నాకు తెలియలేదండీ."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. లేచి, "మాస్టారికి మీరే చెప్పండి," అంది.

డ్రిల్లు మాస్టారి ఇంటికి ఆ సాయంత్రమే వెళ్లాను. పుస్తకంలో తొమ్మిది వారాల అంకెలన్నిటి పక్కన ఎర్ర సిరాతో అసలు దూరం రాసుకుని వెళ్లాను. అరవై ఉన్నచోట యాభై. ముప్పై అయిదు పక్కన ఇరవై తొమ్మిది. ఆయన పేజీ పేజీ తిప్పి చూశాడు.

"తెలిసే?"

"తెలిసే మాస్టారూ."

"ఇన్నాళ్లూ ఆ పిల్లని కొండకి తయారు చేస్తున్నాననుకున్నాను. తయారు కాలేదన్న మాట." పుస్తకం మూశాడు. తిడతాడని కాచుకుని కూర్చున్నాను. "కొండ మీ ఆవిడ కాదయ్యా, నీ మాట నమ్మడానికి. ఆమెని ఈ ఏడాదికి ఆగమని చెప్తాను." కుర్చీ ముందుకి జరుపుకుని అన్నాడు, "ఏదీ, ఆ మోకాలు ఇలా పెట్టు. చూస్తాను."

ఆమె ఆగనంది. "అందకపోతే అందకపోనీండి మాస్టారూ. ఎంతవరకు వెళ్లగలనో ఒక్కసారి నిజం లెక్క మీద తెలుసుకుంటాను," అంది. మిగిలింది అయిదు వారాలు. అయిదు వారాల్లో పోయినవన్నీ తెచ్చుకోవడానికి లేదు. పదోవంతు మించి పెంచకూడదు కదా. కాళ్లు విరుగుతాయి.

దారం బావమరిది మణికట్టుకి మారింది. పొద్దున్నే వాళ్లిద్దరూ వెళ్లేవాళ్లు. నేను ట్యాంకు గోడ మీద సమయం చూస్తూ కూర్చునేవాణ్ని. చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా "నాలుగు వేల నూట ఎనభై," అని చెప్పేవాణ్ని. ఎవరూ అడగకపోయినా చెప్పేవాణ్ని. కొండ బాట సన్నం, ఇద్దరు పక్కపక్కన పట్టరు. అందుకని శని, ఆదివారాలు ఊరి బయట గుట్ట మీద ముందు వాడు, వెనక ఆమె, మధ్యలో చెరో కొస పట్టుకున్న ఒక కర్రతో సాధన చేశారు. నేను కింద అరటిపళ్లు, ఉప్పు కలిపిన నీళ్లు పట్టుకుని ఉండేవాణ్ని.

నన్ను బాధపెట్టిన సంగతి ఇంకొకటుంది. బావమరిది నాతో వేళాకోళం మానేశాడు. పద్దెనిమిదేళ్లుగా "నువ్వేంటి బావా" అన్నవాడు ఒక్కసారిగా "మీరు" అనడం మొదలుపెట్టాడు. "మీరు తిన్నారా? మీకు టీ కావాలా?" అంత మర్యాద నాకు ఎవరూ ఎన్నడూ చేయలేదు. దానికన్నా రెండు తిట్టి ఉంటే బాగుండేది. ఇంట్లో ఆమె నాతో మామూలుగానే మాట్లాడేది. కాపడం కూడా పెట్టింది. కానీ గుమ్మం దగ్గర చెయ్యి చాపేది. రోజూ చాపేది. నేను "గుమ్మం" అనడం మానేశాను.

కొండ పరుగుకి రెండ్రోజుల ముందు డ్రిల్లు మాస్టారు కబురు పెట్టాడు. ఆ పరుగు నడిపించే వాళ్లలో ఆయనా ఒకడు. ముప్పై ఆరో కిలోమీటరు దాటాక ఒక మజిలీ ఉంది. పరుగు మొదలైన ఏడున్నర గంటల లోపు అక్కడికి రానివాళ్లని ఇక ముందుకి వదలరు. చీకటి పడేలోగా కొండ ఖాళీ కావాలి. ఆ మజిలీలో గడియారం దగ్గర నన్ను కూర్చోమన్నాడు.

"నేనెందుకు మాస్టారూ? ఇంకెవరైనా..."

"నువ్వే," అన్నాడు.

కొండ మీద ఒక చదునైన బండ పక్కన బల్ల వేశారు. నాతో పాటు ఒక మందుల షాపాయన, కట్లూ పట్టీలూ మాత్రలూ పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం నుంచి ఒక్కొక్కళ్లే రావడం మొదలైంది. వాళ్ల చొక్కా మీది నంబరు రాసుకోవడం, సమయం రాసుకోవడం, నీళ్లు పోయడం. పరుగు మొదలై ఆరున్నర గంటలైంది. ఏడైంది. నేను బాట మలుపు వైపు తప్ప ఎటూ చూడలేదు. ఏడు గంటల ఇరవై నిమిషాలకి మలుపులో ఎవరో కనిపిస్తే లేచి నిలబడ్డాను. వాళ్లు కాదు. ఏడున్నరకి మందుల షాపాయన నా ముఖంలోకి చూసి తల తిప్పుకున్నాడు.

అప్పుడొచ్చారు. ముందు బావమరిది, వెనక ఆమె. వాడి మోచెయ్యి గీసుకుపోయి ఉంది. ఆమె మోకాళ్ల నిండా మట్టి, ఒక చెంప మీద ఆకు అంటుకుని ఉంది. కర్ర కొస వదలకుండా పట్టుకుని, తల ఒక పక్కకి వంచి, అడుగులు లెక్కపెట్టుకుంటున్నట్టు పెదవులు కదుపుతూ వచ్చింది. బల్ల దగ్గర ఆగింది. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వంగి ఊపిరి పీల్చుకుంది. నేనక్కడ ఉన్నానని ఆమెకి తెలుసు.

మందుల షాపాయన నా చెవి దగ్గరికి వంగాడు. "నాలుగు నిమిషాలేనండీ. ఎవరు చూడొచ్చారు? ఆవిడకి గడియారం కనిపించదు కూడాను. పోనివ్వండి. ఇంత దూరం వచ్చింది."

అక్కడినుంచి దిగుడు ఎక్కువ. చీకటి పడకముందే చేరిపోవచ్చేమో కూడా. నేను తల ఊపితే చాలు. ఆమె ముఖం మళ్లీ వెలగడం చూడొచ్చు. ఆ అబద్ధం నా కోసం కూడా కాదు, ఆమె కోసమే. నిజం చెప్పాలంటే, నా నోటిదాకా వచ్చింది.

"ఎంతైంది?" అంది ఆమె వంగినచోటు నుంచే.

"ఏడున్నర దాటి నాలుగు నిమిషాలు," అన్నాను.

ఆమె లేచి నిలబడింది. "సరిగ్గా?"

"నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు."

బావమరిది కర్ర కింద పడేశాడు. "బావా! నాలుగేగా! నువ్వేంటి బావా, నీకసలు..." అని మధ్యలో ఆపేశాడు. వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి. వాడు నన్ను 'నువ్వు' అన్న సంగతి వాడికే తెలియలేదు.

ఆమె ఏడ్చింది. దాచుకోలేదు, మొహం తిప్పుకోలేదు. బండ మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె పోగొట్టుకున్నది నా వల్ల. అది నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు, వాడికీ తెలుసు. నేను నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. చాలాసేపటికి చెయ్యి చాపింది. గ్లాసు అందించాను.

"ఇక్కడికి ముప్పై ఆరేనా?" అంది తాగాక.

"ముప్పై ఆరు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు."

"నేను ఎప్పుడైనా ఇంత దూరం పరిగెత్తానా? నిజంగా?"

"లేదు. ఇరవై తొమ్మిదే ఎక్కువ. ఇదే మొదటిసారి."

తల ఊపింది. ఆ అంకెని లోపల ఎక్కడో పెట్టుకుంటున్నట్టు పెదవులు కదిపింది. ఆ తర్వాత మణికట్టుతో ముక్కు తుడుచుకుని లేచింది. కింద రోడ్డు మీద జీపు ఆగి ఉంది. అక్కడికి రాతి మెట్ల మీదుగా దిగాలి. బావమరిది కర్ర తీసుకుని ముందుకొచ్చాడు. ఆమె వాడి వైపు తిరగలేదు.

"ముందేముంది?" అంది, నా వైపు.

"మూడడుగులు చదును. ఆ తర్వాత మెట్టు. దిగుడు. ముప్పావు అడుగు."

చెప్పి, ఆమె చెయ్యి ముందుకి చాచడం కోసం ఎదురుచూశాను. చాచలేదు. రెండు చేతులూ పక్కనే ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు అని నడిచి, కాలు కిందికి వేసింది.